పటం చుట్ట నుంచి ఫోన్ తెర దాకా: మన బొమ్మ మన చేతికి వచ్చిన దారి



మా వీరపునాయునిపల్లె దిక్కు నుంచి కాలేజీకి పోయే పిల్లోళ్లు నన్ను తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "అన్నా, నాకు బొమ్మలు వచ్చు. ఫోన్లో గీసి నాలుగు డబ్బాల కథలు పెడుతున్నా. లైకులు వస్తున్నాయి. దీంతో బతకొచ్చా? ఇది మన పనేనా?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. మొదటిదానికి చివర్లో వస్తాను. ముందు రెండోది. ఎందుకంటే "ఇది మన పనేనా" అనే అనుమానం ఆ పిల్లోడికి పుట్టుకతో వచ్చింది కాదు. బొమ్మ అంటే ఎవరిదో బంగళాలో వేలాడేది అని, కార్టూన్ అంటే ఎవరో పెద్దింటాయన పేపర్లో వేసేది అని మనకు నేర్పారు. నేర్పినవాళ్లెవరో, ఎట్లా నేర్పారో చెప్పేదే ఈ వారం వ్యాసం. కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

1. బొమ్మకు మన నేల కొత్త కాదు

ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె పోయే దారిలో ఉంటుంది మా మండలం. పక్కన ఎర్రగుంట్ల మండలంలోనే కలమళ్ల ఉంది. రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగులో వేయించిన శాసనం అక్కడిదే. మనకు దొరికిన పాత తెలుగు రాతల్లో అది మొదటి వరసలో ఉంటుంది. ఇంకో పక్క ముద్దనూరు దగ్గర చింతకుంట. అక్కడి బండల నీడన ఎర్రరంగుతో గీసిన ఆదిమ మానవుల బొమ్మలున్నాయి. అక్షరం పుట్టకముందు మనిషి బొమ్మతోనే కథ చెప్పుకున్నాడు అనడానికి సాక్ష్యం కావాలంటే మనం భీంబెట్కా దాకా పోనక్కర్లేదు, బస్సెక్కి ముద్దనూరులో దిగితే చాలు.

ఆ బండల మీద గీసినవాళ్ల కులం ఏదో ఎవరూ అడగలేదు. అప్పటికి కులం లేదు.

2. జాంబపురాణం: మనకు ముందే ఉన్న బొమ్మల కథ

కామిక్ అంటే ఏమిటి? బొమ్మలు వరసగా ఉండాలి, ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కథ నడవాలి. అంతే. ఈ లెక్కన చూస్తే తెలుగు నేల మీద కామిక్ అమెరికా నుంచి దిగలేదు. మన వాడలోనే ఉంది.

డక్కలివాళ్ల గురించి విన్నారా? మాదిగల మీద ఆధారపడి బతికే కులం. కిన్నెర వాయిస్తారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించేది ఆ కిన్నెరే. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. చెప్పేటప్పుడు పక్కన గుడ్డ మీద గీసిన పటం వేలాడుతుంది. పటం నిలువుగా ఉంటుంది. అడ్డగీతలతో వరసలు వరసలుగా విడగొట్టి ఉంటుంది. కథకుడు ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనిస్తూ పాడతాడు, మాట చెబుతాడు. ఆ వరస అయిపోయాక కిందికి దిగుతాడు.

ఇట్లాంటి పటాలు గీసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి పూసి, ఆరాక ఎర్ర నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడుగు ఉన్న పటాలున్నాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడలకు గౌడ పురాణం, చాకలివాళ్లకు మడేలు పురాణం. ఏ కులానికి ఆ కులం కథ, దాన్ని చెప్పే ఆశ్రిత కులం, దాని పటం. మాదిగలకు జాంబపురాణం.

జాంబపురాణం ఏం చెబుతుంది? భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడని చెబుతుంది. దేవుళ్లకంటే ముందు పుట్టినవాడు వాడ చివరికి ఎట్లా చేరాడని అడుగుతుంది. అందులో బాపనాయనతో వాదం ఉంటుంది. మనుధర్మం రాసినవాడు ఒక సృష్టి కథ చెబితే, చెప్పులు కుట్టినవాడు దానికి ఎదురుగా ఇంకో సృష్టి కథ చెప్పుకున్నాడు. దాన్ని రాత మీద కాకుండా బొమ్మ మీద నిలబెట్టాడు. ఎందుకంటే రాత మనకు నిషేధం. బొమ్మను నిషేధించడం వాళ్లకు తోచలేదు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. మళ్లీ పనికొస్తాయి.

ఒకటి: ఆ కథకుడికి జీతమిచ్చే యజమాని లేడు. ఫలానా ఊర్లు ఫలానా కుటుంబానివి అని మిరాశి ఉండేది. ఆ ఊరి మాదిగలు వాళ్ల శక్తి కొద్దీ గింజలో, డబ్బులో ఇవ్వాలి. ఎవరి కథ చెబుతున్నాడో వాళ్లే కథకుణ్ణి పోషించాలి.

రెండు: ఆ పోషణలో కూడా కులం ఉంది. మన కథను మోసిన డక్కలిని మనం మన గడప లోపలికి రానివ్వలేదు. అంటరానివాళ్లకు అంటరానివాళ్లను చేసి దూరంగా కూర్చోబెట్టాం. దీన్ని దాచిపెట్టి "మా గొప్ప కళ" అని జబ్బలు చరుచుకుంటే అది అంబేద్కరిజం కాదు. మెట్ల మెట్ల అసమానత అని బాబాసాహెబ్ చెప్పింది దీన్నే.

ఈరోజు చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. షోరూముల్లో గోడకు తగిలించుకునే ముఖాలు, రామాయణ ఘట్టాలు అమ్ముడుపోతున్నాయి. జాంబపురాణం పటాన్ని డ్రాయింగ్ రూములో తగిలించుకునేవాళ్లు ఎందరు?

3. చందమామలో వెన్నెల ఎవరి మీద పడింది

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులో, తమిళంలో చందమామ మొదలైంది. పెట్టింది బి.నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టాడు. ఆయన అన్న, సినిమా దర్శకుడు బి.ఎన్.రెడ్డిది కూడా పులివెందుల ప్రాంతమే. అంటే దేశంలో ఎన్నో భాషల పిల్లలు చదివిన బొమ్మల పత్రికకు మూలపురుషుల్లో ఒకడు మన నేల మీదివాడు.

చందమామ చిత్రకారులు మామూలువాళ్లు కాదు. చిత్రా, ఎం.టి.వి.ఆచార్య, వడ్డాది పాపయ్య, విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి వేలాడదీసిన శంకర్. వాళ్ల గీత చూసి నేర్చుకోనివాడు తెలుగులో లేడు. నేర్చుకోండి, తప్పు లేదు.

కానీ ఒక పని చేయండి. పాత చందమామలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. ఒక పది సంచికలు ముందేసుకుని లెక్క పెట్టండి. రాజు ఎన్నిసార్లు కనిపించాడు, మంత్రి ఎన్నిసార్లు, పురోహితుడు, వర్తకుడు ఎన్నిసార్లు. తర్వాత మాలపల్లె, మాదిగవాడ ఎన్నిసార్లు కనిపించాయో చూడండి. నేను చూసిన సంచికల్లో ఊరు ఉంది, ఊరికి గుడి ఉంది, గుడికి కోనేరు ఉంది. వాడ లేదు. నల్లటి ఒళ్లు, బండ పెదాలు, ఎర్రటి కళ్లు ఉన్నవాడు వచ్చాడంటే వాడు రాక్షసుడు. మన నాయన పోలికలు ఉన్న మనిషి ఆ బొమ్మల్లో మనుషుల్ని తినేవాడు.

1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ కూడా అదే దారి పట్టింది. దేవుళ్లు, రుషులు, రాజులు వరస పెట్టి వచ్చారు. అంబేద్కర్ మీద పుస్తకం రావడానికి 1979 దాకా ఆగాల్సి వచ్చింది. రాజ్యాంగం రాసిన మనిషి పురాణ పాత్రల తర్వాత క్యూలో పన్నెండేళ్లు నిలబడ్డాడు.

పత్రికల కార్టూన్ల సంగతి ఇంకా తేట. 1996లో ఒక విదేశీ విలేఖరి అడిగాడని బి.ఎన్.ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టు ఢిల్లీలో దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. ఒక్కడూ దొరకలేదని పయనీర్ పత్రికలో రాశాడు. రాసేవాళ్లే లేని గదిలో గీసేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

4. నత్త మీద బాబాసాహెబ్

2012 మే నెల. పార్లమెంటు ఒక బొమ్మ మీద అట్టుడికింది. కార్టూనిస్టు శంకర్ 1949లో వేసిన బొమ్మ అది. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందని చెప్పడానికి రాజ్యాంగాన్ని నత్తగా గీశాడు. నత్త మీద అంబేద్కర్, చేతిలో కొరడా. వెనక నెహ్రూ, ఆయన చేతిలోనూ కొరడా. చుట్టూ జనం చూస్తున్నారు. ఆ బొమ్మ ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో ఉంది.

తమిళనాడు ఎంపీ తిరుమావళవన్ అభ్యంతరం చెప్పాడు. మంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పి బొమ్మ తీసేస్తామన్నాడు. పుస్తకానికి సలహాదారులుగా ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. దేశంలో మేధావులంతా "దళితులకు హాస్యం అర్థం కాదు, భావప్రకటనా స్వేచ్ఛ పోయింది" అని తేల్చేశారు.

అప్పుడు మన తెలుగువాడు ఒకాయన తీరిగ్గా ఒక పని చేశాడు. ఉన్నమతి శ్యామ్ సుందర్. విజయవాడలో కామిక్స్ చదువుతూ పెరిగిన మనిషి. జె.ఎన్.యు.లో చందమామ బొమ్మల మీదే పరిశోధనకు దిగాడు. రౌండ్ టేబుల్ ఇండియాలో, తన ఫేస్‌బుక్ పేజీలో కార్టూన్లు వేసేవాడు. జీతమిచ్చే పేపరు లేదు, ఎడిటర్ లేడు. గీసి పెట్టడం, జనం పంచుకోవడం. ఈ వ్యాసానికి నాయకుడు ఎవరంటే నేను ఆయన్నే చూపిస్తాను.

ఆయన అడిగిన ప్రశ్న చిన్నది. ఆ ఒక్క నత్త బొమ్మ గురించి ఎందుకు కొట్లాట? అప్పటి కార్టూనిస్టులు అంబేద్కర్‌ని అసలు ఎట్లా గీశారో మొత్తం తీసి చూద్దాం రండి. పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేసి 1932 నుంచి 1956 దాకా వచ్చిన వందకు పైగా కార్టూన్లు పోగేశాడు. శంకర్, అన్వర్ అహ్మద్, ఆర్.కె.లక్ష్మణ్ లాంటివాళ్లు గీసినవి. ఒక్కో బొమ్మ పక్కన ఆ రోజు నిజంగా ఏం జరిగిందో రాశాడు. 2019లో నవయాన ప్రచురణగా నో లాఫింగ్ మ్యాటర్ అనే పేరుతో పుస్తకం వచ్చింది.

ఆ బొమ్మలు వరసగా చూస్తే కడుపు రగులుతుంది. గాంధీ, నెహ్రూల పక్కన అంబేద్కర్ మరుగుజ్జు. ఒకచోట పసిపిల్లాడు, ఒకచోట అలిగిన ఆడమనిషి. కొలంబియా, లండన్ చదువులు చదివి, మహద్ చెరువు నీళ్లు ముట్టించి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో దేశాన్ని నిలదీసిన మనిషి ఆ గీతల్లో ఎక్కడా కనపడడు. ఒక బొమ్మను చూసి ఇది ఒకరి హాస్యం అనొచ్చు. వంద బొమ్మలు ఒకే తీరుగా ఉంటే దాన్ని ఏమనాలి?

శ్యామ్ సుందర్ "నిషేధించండి" అనలేదు, గమనించారా? బొమ్మలన్నీ బయటపెట్టాడు. దాచలేదు, చింపలేదు. వాళ్ల గీతనే వాళ్ల మీద సాక్షిగా నిలబెట్టాడు. కార్టూన్‌కి జవాబు కార్టూన్ తెలిసినవాడే ఇవ్వగలడు. అందుకే మనలో గీసేవాళ్లు కావాలి.

5. డబ్బాలు బద్దలు కొట్టినవాళ్లు

2011లో భీమాయన వచ్చింది. బాబాసాహెబ్ జీవితంలో నీళ్లు దొరకని, నీడ దొరకని, బండి దొరకని ఘట్టాలు. గీసింది మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. కథ అల్లింది శ్రీవిద్య నటరాజన్, ఎస్.ఆనంద్.

కామిక్ అంటే డబ్బాలు కదా. వ్యామ్ దంపతులు డబ్బాలు ఒప్పుకోలేదు. మనుషుల్ని పెట్టెల్లో బిగించం, వాళ్లకు గాలి ఆడాలి అన్నారు. గోండు ముగ్గు గీతలతోనే పేజీని విడగొట్టారు. మాట బుడగలు కూడా మార్చేశారు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాట పక్షి ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కేవాళ్ల మాట బుడగకు తేలు కొండి ఉంటుంది. బడిలో ఏ డ్రాయింగ్ మాస్టరూ నేర్పని వ్యాకరణం ఇది. మన దగ్గర ఉన్నదాంట్లోంచి కొత్త రూపం పుడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రపంచంలో ఇంకెవరూ ఈ పని చేయలేదా? చేశారు. 1957లో అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్, మాంట్‌గమరీ బస్సు బహిష్కరణ మీద పదహారు పేజీల కామిక్ వేశారు. పది సెంట్లు దాని ధర. చర్చిల్లో, కాలేజీల్లో చేతులు మారింది. దాన్ని కుర్రతనంలో చదివిన జాన్ లూయిస్, ముసలితనంలో ఎంపీగా ఉంటూ తన ఉద్యమ జీవితాన్ని మార్చ్ అనే మూడు భాగాల కామిక్‌గా చెప్పాడు. బ్లాక్ పాంథర్ పార్టీ పత్రికకు ఎమరీ డగ్లస్ బొమ్మలు వేసేవాడు. పార్టీలో ఆయన హోదా సాంస్కృతిక మంత్రి. మన దళిత పాంథర్లు 1972లో ఆ పేరు తెచ్చుకున్నారు, కవిత్వం తెచ్చుకున్నారు. తెలుగులో కారంచేడు తర్వాత మనకు పాట వచ్చింది, కవిత వచ్చింది, కథ, ఆత్మకథ వచ్చాయి. బొమ్మల కథ మాత్రం వెనకబడిపోయింది. అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన డిఫరెంట్ టేల్స్ పిల్లల పుస్తకాలు, గోగు శ్యామల, ఖదీర్‌బాబు లాంటివాళ్ల కథలతో, ఆ లోటును కొంత పూడ్చాయి.

6. చుట్ట విప్పితే తెర

2000 సంవత్సరంలో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికా కామిక్ కళాకారుడు ఒక మాట చెప్పాడు. కాగితానికి అంచు ఉంటుంది, కంప్యూటర్ తెరకు అంచు లేదు, కామిక్ ఎంత పొడుగైనా సాగొచ్చు, అది అనంతమైన కాన్వాస్ అన్నాడు. 2004లో కొరియాలో నేవర్ వెబ్‌టూన్ మొదలైంది. తర్వాత ఫోన్లు వచ్చాయి. పై నుంచి కిందికి వేలితో జరుపుతూ చదివే కామిక్ ప్రపంచమంతా పాకింది.

పై నుంచి కిందికి. వరస తర్వాత వరస. నిలువు చుట్ట.

డక్కలి పటం గుర్తొచ్చిందా? సియోల్‌లో కనిపెట్టారని మనం అబ్బురపడేది మన వాడలో కర్ర ఆనించి పాడిందే. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ పటం ప్రతి చేతిలోకి వచ్చింది. అదే ఏడాది జనవరి 17న రోహిత్ వేముల పోయినప్పుడు ఏ ఎడిటర్ అనుమతీ లేకుండా వేల చేతులు ఆ ముఖాన్ని గీశాయి. ఆ తర్వాత బేకరీ ప్రసాద్ పేరుతో సిద్ధేష్ గౌతమ్, ఆర్టెద్కర్ పేరుతో రాహీ పుణ్యశ్లోక లాంటివాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో అంబేద్కరైట్ బొమ్మకు ఒక చిరునామా కట్టారు.

స్వతంత్రం అన్నాక దెబ్బలూ ఉంటాయి. 2017లో తమిళనాడు కార్టూనిస్టు బాలా, తిరునెల్వేలి కలెక్టరేట్ దగ్గర ఒక పేద కుటుంబం నిప్పంటించుకున్న ఘటన మీద ఫేస్‌బుక్‌లో బొమ్మ వేస్తే అరెస్టు చేశారు. శానిటరీ ప్యానెల్స్ పేరుతో పుల్లల్లాంటి మనుషుల్ని గీసే రచితా తనేజా మీద 2020 డిసెంబర్‌లో కోర్టు ధిక్కారానికి అటార్నీ జనరల్ అనుమతిచ్చాడు. పుల్ల గీతకే సుప్రీంకోర్టు దాకా పోయింది సంగతి. పేపర్లో పనిచేసేవాడికి వెనక లాయరు ఉంటాడు. ఒంటరిగా గీసేవాడికి వెనక మనం ఉండాలి.

7. ఇక మొదటి ప్రశ్న: బతకొచ్చా?

ఒక్క లైకులతో బతకలేరు. లైకు గింజ కాదు.

స్వతంత్ర కామిక్ కళాకారులు ప్రపంచంలో ఎక్కడైనా నాలుగైదు రకాల రాబడి కలుపుకుని బతుకుతున్నారు. 2013లో వచ్చిన పేట్రియాన్ లాంటి చోట పాఠకులు నెలనెలా ఇచ్చేది కొంత. ముద్రించిన బొమ్మలు, చిన్న పుస్తకాలు, క్యాలెండర్లు అమ్మితే కొంత. పుస్తకాల అట్టలు, సంస్థల పనులు కొంత. పాఠాలు చెబితే కొంత. కథ ఉచితంగా పెడతారు, కథ నచ్చినవాళ్లు కళాకారుణ్ణి నిలబెడతారు. ఇది మిరాశి పద్ధతే, కులం తీసేసిన మిరాశి. నూరుమంది నెలకు యాభై రూపాయలు ఫోన్‌పే చేస్తే ఐదు వేలు. మా ఊర్లో ఒక పిల్లోడు కూలికి పోకుండా కూర్చుని గీయడానికి అది మొదటి మెట్టు.

ఇక్కడే మన సంఘాలకు ఒక మాట. ఏప్రిల్ 14 వస్తే పోస్టర్ కావాలి, డిసెంబర్ 6 వస్తే బ్యానర్ కావాలి. "తమ్ముడూ, జాతి కోసం గీయి" అంటాం. ఫ్లెక్సీ కొట్టేవాడికి, టెంటువాడికి, మైకువాడికి డబ్బులిస్తాం. బొమ్మ గీసినవాడికి దండ వేస్తాం. దీని పేరు వెట్టి. మన తాతలు దొర ఇంట్లో చేసింది, మనం మన తమ్ముడితో చేయించకూడదు.

గీసే పిల్లలకు మూడు చట్టం మాటలు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు సొంతంగా గీసిన బొమ్మ మీద హక్కు మీదే, మీ తర్వాత అరవై ఏళ్ల దాకా ఉంటుంది. ఉద్యోగంలో ఉండి గీస్తే, లేదా డబ్బు తీసుకుని ఎవరి చిత్తరువైనా గీసిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు అవతలివాళ్లకు పోవచ్చు. కాబట్టి ముందే కాగితం రాసుకోండి. హక్కు ఇంకొకరికి రాసివ్వడం నోటిమాటతో చెల్లదు, రాతలో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. బొమ్మ కింద పేరు పెట్టండి. వేల ఏళ్లు పేరు లేకుండా పని చేసిన జాతి మనది.

ఏం గీయాలి అంటారా? ఫ్యాక్షన్ సినిమాలు సీమను సుమోలుగా, బాంబులుగా చూపించాయి. 1999లో సమరసింహారెడ్డి నుంచి అదే వరస. ఆ సుమో వెనక సీట్లో కూర్చుని ముందు చచ్చింది ఎవరి కొడుకో ఒక్క సినిమా చూపలేదు. అది గీయండి. సర్వరాయసాగర్ నీళ్లు ఎవరి చేలోకి వచ్చాయి, ఎవరి చేను దగ్గర ఆగాయో గీయండి. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, తుమ్మలపల్లె యురేనియం, నాపరాళ్ల గనిలో అరిగిన చేతులు గీయండి. మీ అవ్వను గీయండి. ఆమె ముఖాన్ని రాక్షసి ముఖంగా చూపినవాళ్లకు అది జవాబు.

గీత వంకర పోతుందని భయపడొద్దు. రచిత గీసేది పుల్లలే. చేయి తిరగడానికి టైం పడుతుంది, కన్ను మాత్రం మీకు ముందే ఉంది. ఊరిని వాడ నుంచి చూసిన కన్ను అది.

గీసేవాళ్లు కింద కామెంట్లో మీ పేజీ పేరు పెట్టండి. గీయనివాళ్లు అందులో ఒకరిని ఎంచుకుని ఈ నెల నుంచే యాభై రూపాయలు పంపండి. వచ్చే వారం డక్కలి, చిందు, గోసంగి, మాస్టీల చరిత్ర రాస్తాను. మన కథ మోసినవాళ్ల బాకీ మన మీద ఉంది.

జై భీమ్.